మా మల్లికి ఒక్క కాన్పు కానివ్వాలా?

ప్రశ్న: మాది నెల్లూరు దగ్గర పల్లె. పెళ్లయ్యాక చెన్నై వచ్చి పెరంబూర్‌లో ఉంటున్నాం. మా పిల్లి పేరు మల్లి, ఏడు నెలలుంటాయి, బరువు రెండు కిలోల పైనే. ఈ మధ్య రెండు నెలల్లో మూడుసార్లు ఎదకొచ్చింది, రాత్రంతా ఒకటే అరుపులు, కింద పోర్షన్ వాళ్లు ఓనరుకు చెప్పారు. పద్దెనిమిది రోజుల కిందట పాల ప్యాకెట్లకని తలుపు తీసినప్పుడు జారుకుని మళ్లీ రాత్రికి గానీ రాలేదు. అప్పటి నుంచి అరుపులు లేవు. మా అత్తగారేమో ఒక్క కాన్పన్నా కానివ్వకుండా ఆపరేషన్ చేయిస్తే పాపం అంటున్నారు. మా వారు మెడికల్ షాపులో మాత్రలు తెస్తే సరిపోతుంది కదా అంటున్నారు. నాకు ఆపరేషన్ అంటేనే భయం. ఏం చేయమంటారు? సన్‌షేడ్ మీద రోజూ ఒక బూడిద రంగు గండుపిల్లి కూర్చుంటోంది, దాన్ని తరిమేయాలా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట మధ్యలో ఎక్కడో ఉండిపోయింది. బయటికెళ్లి రాత్రికి వచ్చింది, అప్పటి నుంచి అరుపులు లేవు అన్నారు. పాపమా కాదా, మాత్రలా ఆపరేషనా అన్నవి తర్వాత మాట్లాడుకుందాం, ముందు దీని సంగతి తేలాలి, ఎందుకంటే మల్లి ఇప్పటికే కడుపుతో ఉండే అవకాశం చాలా ఉంది.

పిల్లులకు మనలా నెలకోసారి అండం దానంతటదే విడుదల కాదు, మామూలుగా మగపిల్లితో కలిశాకే విడుదలవుతుంది. ఒక్క పూటలో చాలాసార్లు కలుస్తాయి, ఒకటికి మించిన గండుపిల్లులతో కూడా కలుస్తాయి, అందుకే ఒకే కాన్పులో పుట్టిన పిల్లలకు వేరువేరు తండ్రులుండటం వీటిలో వింత కాదు. కలవకపోతే ఎద వారం రోజులుండి తగ్గుతుంది, రెండు మూడు వారాల్లో మళ్లీ వస్తుంది. మీరు రాసిన రెండు నెలల్లో మూడుసార్లు అన్న లెక్క సరిగ్గా ఇదే. చలిదేశాల్లో పగలు తగ్గిపోయే నెలల్లో ఎద ఆగిపోతుంది, వాళ్లకు కాస్త విరామం దొరుకుతుంది. చెన్నైలో ఏడాది పొడవునా పగటి వెలుతురు బాగానే ఉంటుంది కాబట్టి మన పిల్లులు దాదాపు ఏ నెలలోనైనా ఎదకొస్తాయి. అంటే ఒక సీజన్ దాటితే చాలు అనుకోవడానికి లేదు. ఆ బయటికెళ్లిన పూట తర్వాత అరుపులు చప్పున ఆగిపోవడం, మళ్లీ రాకపోవడం, ఈ రెండూ చూస్తే నాకు కడుపనే అనిపిస్తోంది.

మల్లిని వెల్లకిలా పడుకోబెట్టకుండా, ఒళ్లో కూర్చోబెట్టుకుని, పొట్ట మీది బొచ్చు కాస్త పక్కకు తీసి చనుమొనలు చూడండి. మూడు వారాలు వచ్చేసరికి అవి ఉబ్బి గులాబీ రంగుకు తిరుగుతాయి. పొట్ట మాత్రం నొక్కి చూడొద్దు, లోపల పిల్లలుంటే దెబ్బ తగులుతుంది. ఇంకో వారంలో, అంటే ఇరవై ఐదు రోజుల నాటికి, పశువుల డాక్టరు దగ్గర అల్ట్రాసౌండ్ స్కాన్ చేయిస్తే తెలిసిపోతుంది. ఎక్స్‌రే ఇప్పుడు తీసినా లాభం లేదు, పిల్లల ఎముకలు కనబడాలంటే నలభై ఐదు రోజులన్నా కావాలి. పిల్లి చూలు మొత్తం తొమ్మిది వారాలు, 63 నుంచి 65 రోజులు. ఆ లెక్కన మీ చేతిలో ఉన్న టైమ్ చాలా తక్కువ, అందుకే రేపే డాక్టరుకు ఫోన్ చేయమంటున్నాను.

స్కాన్‌లో ఏమీ లేదంటే ఆ రోజే ఆపరేషన్‌కు తేదీ తీసుకోండి. కడుపని తేలితే మాత్రం మీకు నిజంగా కష్టమైన ప్రశ్న వస్తుంది, దాన్ని దాచి పెట్టి రాయడం నాకిష్టం లేదు. కడుపుతో ఉండగా కూడా స్పే, అంటే ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, చేయొచ్చు, తొలి వారాల్లో అయితే డాక్టర్లు తరచుగా చేస్తూనే ఉంటారు. గర్భసంచితో పాటు లోపలున్నవీ పోతాయి. ఇది చదవగానే మీ గుండె గుభేలుమనే ఉంటుంది. నాకూ మొదటిసారి డాక్టరు చెప్పినప్పుడు నోట మాట రాలేదు. అయినా నా మటుకు నేనైతే మల్లి వయసు, బరువు చూసి, డాక్టరు సరేనంటే, చేయించే తీరతాను. ఏడు నెలల పిల్లి అంటే అదే ఇంకా పిల్ల, ఎముకలు పూర్తిగా ఎదగలేదు, కటి భాగం ఇరుకు. కాన్పులో పిల్ల అడ్డం పడితే అర్ధరాత్రి సిజేరియన్‌కు పరుగెత్తాలి. ఇంత చిన్నప్పుడు కన్న తల్లులు కొన్నిసార్లు పిల్లల్ని దగ్గరికే రానివ్వవు. పాలిచ్చే రోజుల్లో కాల్షియం పడిపోయి ఒళ్లంతా వణుకు, ఫిట్స్ వచ్చే పిల్లులుంటాయి, గంటల్లో ఇంజెక్షన్ పడకపోతే దక్కవు.

మనసొప్పక కాన్పే కానిద్దాం అనుకుంటే నేను మిమ్మల్ని తప్పు పట్టను. కాకపోతే అప్పుడు పుట్టే ప్రతి పిల్లకూ మీరే పూచీ అని ఇప్పుడే మనసులో రాసుకోండి. మల్లికి పిల్లిపిల్లల మేత పెట్టడం మొదలుపెట్టండి, అందులో బలం ఎక్కువ. కాల్షియం టానిక్ సొంతంగా పోయొద్దు, కాన్పుకు ముందు అది ఇస్తే తర్వాత ఒంట్లో కాల్షియం పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. కాన్పు రోజు నొప్పులు గట్టిగా వస్తూ అరగంట దాటినా పిల్ల బయటికి రాకపోతే ఇంకేమీ ఆలోచించకుండా ఆటో ఎక్కేయండి, కాబట్టి రాత్రిళ్లు తెరిచి ఉండే ఆసుపత్రి ఎక్కడుందో ముందే కనుక్కుని పెట్టుకోండి. తల్లి పాలివ్వకపోతే రెండు మూడు గంటలకోసారి, రాత్రుళ్లు కూడా, పిల్లిపిల్లల పాలపొడి కలిపి పట్టాలి. ఆవుపాలు పడవు, విరేచనాలై పోతాయి. మొదటి మూడు వారాలు వాటికి సొంతంగా ఒంటికి పోయడం కూడా రాదు, తడి దూదితో కింద తుడిస్తేనే పోస్తాయి. అవి తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలుండాలి, పన్నెండైతే ఇంకా మంచిది. ఆ రోజులన్నీ మల్లిని గడప దాటనివ్వకూడదు, ఎందుకంటే పిల్లలు పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ ఎదకు రాగలదు, కడుపూ కాగలదు.

ఈ చివరి మాట నేను ఎక్కడో చదివి చెప్పడం లేదు.

చాలా ఏళ్ల కిందట మేము చూళైమేడులో ఒక పాత ఇంటి వెనక పోర్షన్‌లో ఉండేవాళ్లం. మా మొదటి పిల్లి చిట్టి. మా ఇంట్లోనూ ఇదే మాట, ఒక్క కాన్పు చూద్దాం, పిల్లలు ముచ్చటగా ఉంటాయి, తర్వాత ఆపరేషన్. చిట్టి నా బీరువా కింది అరలో పాత చీరల మధ్య నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒకటి పుట్టడమే చచ్చి పుట్టింది. మిగిలిన మూడింటికీ పేర్లు పెట్టి, బొట్లు పెట్టి, మురిసిపోయాం. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, చిట్టి మా ఒక్క గదిలోనే ఏడు చోట్లకు తిప్పింది, కుక్కర్ల వెనక, కుట్టుమిషన్ కింద, ఆఖరికి బియ్యం డబ్బా పక్కన. వాటికి రెండున్నర నెలలు వచ్చేసరికి, ఇళ్లు వెతుకుదాంలే అని మేమింకా నాన్చుతుండగానే, చిట్టి పొట్ట మళ్లీ పెద్దదైంది. ఈసారి ఐదు. ఒక గదిలో తొమ్మిది పిల్లులు.

నేను తెలిసినవాళ్లందరినీ అడిగాను. పెళ్లిలో అడిగాను, రేషన్ షాపు క్యూలో అడిగాను. అందరూ ముద్దు చేస్తారు, తీసుకునేటప్పుడు మాత్రం మగపిల్ల అయితేనే అంటారు, ఆడపిల్ల వద్దంటారు. కారణం మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకాయన ఎంతో ఇష్టంగా తీసుకెళ్లి, రెండు వారాలయ్యాక, చేపలు దొరుకుతాయి హాయిగా బతుకుతుంది అని చింతాద్రిపేట చేపల మార్కెట్ దగ్గర వదిలేశానని చెప్పాడు. నేను వారం పాటు అక్కడ తిరిగాను. దొరకలేదు. చేపల మార్కెట్లో పిల్లులు హాయిగా ఉంటాయని అనుకునేవాళ్లు ఒక్కసారి తెల్లవారుజామున వెళ్లి చూడాలి, కళ్లు పుసులు కట్టి, చెవులు చీరుకుపోయి, ఒకదాన్నొకటి కరుచుకుంటూ ఉంటాయి. ఇంట్లో పెరిగిన మూడు నెలల పిల్ల అక్కడ ఎన్నాళ్లు బతుకుతుంది? పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా, ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఆ తర్వాత ఇంట్లోకి పాన్‌ల్యూకోపీనియా వచ్చింది. ఎఫ్‌పీవీ అంటారు, పిల్లిపిల్లలకు యముడు లాంటి వైరస్, మన బట్టల మీదా చెప్పుల మీదా కూడా ఇంట్లోకి రాగలదు. వాంతులు, విరేచనాలు, నీళ్ల గిన్నె ముందు తల వాల్చుకుని కూర్చోవడం, కానీ తాగలేకపోవడం. టీకాలు వేయించి ఉంటే బతికేవేమో, కానీ అన్నిటికి, ఎనిమిదో వారం నుంచి మూడు నాలుగు వారాలకోసారి టీకా వేయించే స్థోమత మాకు అప్పుడు లేదు. నాలుగు రోజుల్లో ఆరు పోయాయి. చివరిదానికి నేను రాత్రంతా డ్రాపర్‌తో గ్లూకోజ్ నీళ్లు పట్టాను, తెల్లారేసరికి నా అరచేతిలోనే చల్లబడింది.

మీ అత్తగారికి ఇది చదివి వినిపించండి, కోపంగా కాదు, నెమ్మదిగా. ఆవిడ మనసు నాకు అర్థమవుతుంది. ఆడ పుట్టుక పుట్టాక తల్లి కాకుండా చేయడమేంటి అన్న బాధ నుంచి ఆవిడ మాట్లాడుతున్నారు, అందులో ప్రేమే ఉంది. పిల్లిని చంపిన పాపం పోవాలంటే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని మా నాయనమ్మ అనేది, మీ అత్తగారూ వినే ఉంటారు. మరి ఒక్క కాన్పు పేరుతో పుట్టించి, కాపాడలేక, చేపల మార్కెట్లోనో గుడి వెనకో వదిలేసినవాటి లెక్క ఎవరి ఖాతాలో పడుతుంది? ఎద అంటే పిల్లికి తల్లి కావాలన్న ఆశ కాదు. ఒంట్లో హార్మోన్లు పెట్టే బాధ అది, తిండి కూడా పట్టకుండా తిప్పుతుంది. ఒక కాన్పు అయితే ఆరోగ్యం బాగుపడుతుందన్న మాటకు వైద్యంలో ఎక్కడా ఆధారం లేదు, పైగా ఉన్న ఆధారాలన్నీ దానికి ఎదురే చెబుతున్నాయి. పిల్లుల్లో వచ్చే రొమ్ము గడ్డల్లో పదింటికి ఎనిమిది, తొమ్మిది క్యాన్సర్ గడ్డలే. ఆరు నెలల లోపు ఆపరేషన్ అయిన పిల్లులకు ఆ ముప్పు తొంభై శాతం దాకా తగ్గుతుంది, ఏడాది లోపు చేయించినా చాలా వరకు తగ్గుతుంది, ఆ తర్వాత ఆలస్యమయ్యే కొద్దీ ఆ లాభం కరిగిపోతూ వస్తుంది. మల్లికి ఏడు నెలలు, ఇంకా వేళ మించిపోలేదు.

ఇక మీ వారు చెప్పిన మాత్రల సంగతి. దయచేసి వద్దు. ఆపరేషన్ డబ్బులు మిగుల్తాయని మేమూ అదే చేశాం, మాత్రలు కాదు, ఎద ఆపే ఇంజెక్షన్, ఎవరో తెలిసినాయన చెబితే ఆర్నెల్లకోసారి వేయించాం. అవన్నీ ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్లే. గర్భసంచి లోపలి పొరను మందం చేసి, చీము పట్టడానికి అనువుగా తయారు చేస్తాయి, రొమ్ములు వాచేలా చేస్తాయి, షుగర్ కూడా తెప్పించగలవు. అప్పటికే కడుపుతో ఉన్న పిల్లికి ఇస్తే ఇంకా ప్రమాదం, మల్లికి ఇప్పుడు ఆ అనుమానమే కదా. రెండేళ్లకు చిట్టి తిండి మానేసింది, గ్లాసులకు గ్లాసులు నీళ్లు తాగేది, తోక కింద చీము కారుతోంది. పయోమెట్రా అన్నారు, గర్భసంచి నిండా చీము. ఒక్కోసారి ఆ చీము బయటికి కూడా రాదు, లోపలే నిండి సంచి పగిలిపోతుంది. ఏ ఆపరేషన్‌కు భయపడి రెండేళ్లు వాయిదా వేశామో అదే ఆపరేషన్, అదే కత్తి, కానీ ఈసారి రాత్రి పదకొండు గంటలకు, ఒళ్లంతా విషమెక్కిన పిల్లికి, బతుకుతుందని మాట ఇవ్వలేనని ముందే సంతకం పెట్టించుకుని చేశారు. చిట్టి బతికింది. ఆ తర్వాత ఆరేళ్లు నా కాళ్ల దగ్గరే పడుకుంది. ఆ ఆరేళ్లూ ఒక్క రాత్రి అరవలేదు, ఒక్కసారి గోడ దూకలేదు. ముందే చేయించి ఉంటే ఆ ప్రశాంతత దానికి మొదటి ఏడాది నుంచే దొరికేది కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మీ భయం గురించి. ఆరోగ్యంగా ఉన్న చిన్న పిల్లికి స్పే చేయడం డాక్టర్లు రోజూ చేసే పని. పూర్తి మత్తు ఇచ్చి, పొట్ట కిందో పక్కనో చిన్న కోత పెట్టి, అండాశయాల్నీ గర్భసంచినీ తీసేస్తారు. మత్తు ఉన్నచోట కొంత ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, లేదని చెబితే అబద్ధమవుతుంది, అందుకే ముందు రక్తపరీక్ష చేయించమనండి, టీకాలు పడ్డాయో లేదో డాక్టరుకు చెప్పండి, ఆపరేషన్ ముందు ఎన్ని గంటలు తిండి ఆపాలో ఆయన్నే అడిగి కచ్చితంగా పాటించండి. చిన్న పిల్లల్ని మరీ ఎక్కువసేపు కడుపు మాడ్చకూడదు. స్కాన్‌లో కడుపు లేదని తేలి ఈలోపు మళ్లీ ఎదకొస్తే కంగారు పడొద్దు, ఆ రోజుల్లో గర్భసంచికి రక్తం ఎక్కువ పారుతుంటుంది కాబట్టి చాలామంది డాక్టర్లు తగ్గేదాకా ఆగమంటారు. అన్ని రోజులూ తలుపు దగ్గర జాగ్రత్త. పాల ప్యాకెట్లు తీసుకునేటప్పుడు మల్లిని ముందు బాత్రూంలో పెట్టి అప్పుడు తలుపు తీయండి.

ఎక్కడ చేయించాలంటే, మీకు వేపేరి దగ్గరే. మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ప్రభుత్వానిది, పెరంబూర్ నుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు, జనం ఎక్కువ కాబట్టి పొద్దున్నే వెళ్లి కూర్చోవాలి. ప్రైవేటు క్లినిక్‌లో అయితే మత్తు, రక్తపరీక్ష, మందులు, మెడకు పెట్టే కోన్, అన్నీ కలిపి ఎంత అని ఒకే మాటగా అడగండి, లేకపోతే తర్వాత ఒక్కొక్కటే పెరుగుతూ పోతుంది. మీ వారితో కూర్చుని ఈ ఖర్చును ఒక కాన్పు ఖర్చు పక్కన పెట్టి చూడండి. నాలుగు పిల్లలకు టీకాలు, నట్టల మందు, మూడు నెలల మేత, అందులో రెండు ఆడవైతే ఆర్నెల్లకు మళ్లీ రెండు ఆపరేషన్లు. మగపిల్ల మిగిలితే దాన్నీ వదలలేరు, అది ఎదిగాక తల్లితోనూ అక్కచెల్లెళ్లతోనూ కలుస్తుంది, వాటికి వావివరసలుండవు.

ఇంటికి తెచ్చాక మత్తు వదిలేదాకా నేల మీదే, దుప్పటి పరిచి ఉంచండి, మంచం ఎక్కనివ్వొద్దు. కుట్లు నాకకుండా పది పన్నెండు రోజులు కోన్ ఉండాల్సిందే, అది వెనక్కి వెనక్కి నడుస్తూ గోడకు గుద్దుకుంటుంటే జాలేసి తీసేస్తారు చాలామంది, తీయకండి. గాయానికి పసుపు గానీ డెటాల్ గానీ రాయొద్దు, పిల్లి నాకితే డెటాల్ విషం. నొప్పికని పారాసిటమాల్ ఇచ్చారంటే ప్రాణమే పోతుంది, సగం మాత్ర కూడా వద్దు, డాక్టరు రాసిన మందు తప్ప ఇంకేదీ నోట్లో వేయకండి. మర్నాటికి కూడా తినకపోయినా, చిగుళ్లు తెల్లబడినా, కుట్ల దగ్గర చీము కనబడినా వెంటనే తీసుకెళ్లండి. తర్వాత్తర్వాత ఆకలి పెరిగి లావెక్కుతుంది, ఒక పావు వంతు మేత తగ్గించి, రోజూ కాసేపు తాడు ముక్కతో ఆడించండి. బుద్ధి మారిపోతుందేమో అని భయపడొద్దు, మల్లి మల్లిలాగే ఉంటుంది.

ఆ గండుపిల్లిని తరమొద్దు. తరిమినా మీ సన్‌షేడ్ దిగి పక్కింటి సన్‌షేడ్ ఎక్కుతుంది, అంతే. ఎదకొచ్చిన ఆడపిల్లుల కోసం వీధివీధీ తిరిగి, మిగతా మగవాటితో కొట్లాడి, కరుచుకుని రోగాలు తెచ్చుకునే బతుకు దానిది, ఎఫ్‌ఐవీ అనే వైరస్ ఒకదాన్నుంచి ఒకదానికి ఎక్కువగా ఆ కాట్ల వల్లే వస్తుంది. దానికీ ఆపరేషన్ చేయించొచ్చు, మగవాటికి ఇంకా తేలిక. 2023లో వచ్చిన కొత్త జంతు జనన నియంత్రణ నియమాల్లో వీధికుక్కలతో పాటు పిల్లులు కూడా ఉన్నాయి. గిండీ దగ్గర వేళచ్చేరి రోడ్డులో ఉన్న బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా 1964 నుంచి ఈ నగరంలో వీధి జంతువులకు ఈ ఆపరేషన్లు చేస్తోంది, వాళ్లను అడగండి. మీ వీధిలో పిల్లులకు అన్నం పెట్టే మనిషి ఒకరైనా ఉంటారు, వాళ్ల దగ్గర పిల్లిని పట్టే బోను కూడా ఉండొచ్చు. అప్పటిదాకా రోజూ ఒకే వేళకు, డాబా మీద ఒకే మూల, నాలుగు నెత్తళ్లు పెట్టి దాన్ని ఆ చోటుకు అలవాటు చేయండి. బోను పెట్టే రోజు అది తనంతట తానే లోపలికి నడిచి రావాలి. ఆపరేషన్ అయినట్టు గుర్తుగా చెవి కొస కొంచెం కత్తిరించి పంపుతారు, రక్తం చూసి మీ అత్తగారు హడలిపోకుండా ముందే చెప్పి ఉంచండి.

స్కాన్‌లో ఏం తేలిందో నాకు రాయండి.